బట్ట మన దగ్గరుంటే గిరాకీ మనదేనా?

శ్రావణం వస్తోందంటే నగల దుకాణం కంటే ముందు కిటకిటలాడేది లేడీస్ టైలర్ దుకాణం. పౌర్ణమికి ముందు శుక్రవారం వరలక్ష్మీ వ్రతం, ఆ వెనకే పెళ్లి ముహూర్తాలు. చీర ఎక్కడ కొన్నా, ఎన్ని వేలు పోసి కొన్నా, జాకెట్టు కుట్టి వచ్చేదాకా అది బీరువాలో ఉండాల్సిందే. గిరాకీ ఇలా తనంతట తాను మెట్లెక్కి వచ్చే వ్యాపారాలు చిన్న ఊళ్లలో ఎన్నో లేవు. అయినా ఆడవాళ్లు ఒక టైలర్‌ని మానేసి మరో టైలర్‌ని వెతుక్కుంటూనే ఉంటారు. ఎందుకు మానేశారని అడిగి చూడండి. కుట్టు బాగాలేదనేవాళ్లు తక్కువ, కూలి ఎక్కువనేవాళ్లు ఇంకా తక్కువ. ‘చెప్పిన రోజుకి ఇవ్వడండీ’ అన్నదే ఎక్కువగా వినిపించే మాట.

చిన్న వ్యాపారానికి కస్టమర్లను తెచ్చుకోవడం ఎలాగన్న విషయం మీద సలహాలకు ఈ రోజుల్లో కొదవ లేదు. బోర్డు మార్చు, ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ పెట్టు, పండక్కి డిస్కౌంటు ఇవ్వు అంటారు. ఇవేవీ చెడ్డవి కావు. కానీ వచ్చిన మనిషిని నిలుపుకునేది ఒక తేదీ. రసీదు మీద రాసిన తేదీ.

టైలర్లు అబద్ధాలకోరులై ఆ తేదీ తప్పరు. వాళ్ల లెక్క వాళ్లకుంది. ‘కాదు’ అంటే బట్ట పక్క షాపుకి పోతుంది. ఒకసారి బట్ట తీసుకుని, ఆది జాకెట్టు కూడా తీసి పక్కన పెట్టేస్తే ఇక ఆ మనిషి ఎక్కడికీ పోలేదు, ఆలస్యమైనా మన దగ్గరికే రావాలి. అందుకని అందరికీ ‘అయిపోతుందమ్మా’ అనే చెబుతారు. సీజన్లో ఏదైనా షాపు రసీదు పుస్తకం తిరగేయండి. పేరు, ఫోన్ నంబరు, మెడ లోతు, చేతి పొడవు, మూలన పిన్ను కొట్టిన చిన్న గుడ్డపీలిక, కింద డెలివరీ తేదీ. దాని ముందున్న 20 రసీదుల మీదా అదే తేదీ ఉంటుంది. మిషన్లు మాత్రం రెండే.

ఇక ఆ రోజు వస్తుంది. ‘అక్కా, హుక్కులొక్కటే మిగిలాయి, సాయంత్రం రండి.’ సాయంత్రం వెళ్తే కరెంటు పోయింది. మర్నాడు వెళ్తే కుర్రాడు రాలేదు. నిజానికి ఆ బట్ట మీద ఇంకా కత్తెరే పడలేదు. కాళ్లరిగేలా తిరిగి, ఫోన్లు చేసి, చివరికి పెళ్లి ముందు రోజు రాత్రి షాపులో కూర్చుని కాజాలు కుట్టించుకుని తెచ్చుకుంటే చంకల దగ్గర పట్టేస్తుంది. సరిచేయించుకునే వ్యవధి లేదు. మర్నాడు పందిట్లో ఆమె పక్కన కూర్చున్న నలుగురూ ఆ కథంతా వింటారు. ఆ షాపుకి అంతకు మించిన ప్రచారం ఏ రీలూ చేయలేదు, కాకపోతే అది ఎదురు ప్రచారం. మాస్టర్ పట్టుకున్నది బట్టని. మనిషి ఎప్పుడో చేజారింది.

ఇందులో పెద్ద శాస్త్రమేమీ లేదు, ఎక్కాలు వస్తే చాలు. లైనింగు జాకెట్టు ఒక మిషను మీద రోజుకి నాలుగు తెగుతాయనుకుందాం. రెండు మిషన్లకి ఎనిమిది. వారానికి ఆరు రోజుల పని అంటే 48. మగ్గం వర్క్ ఉంటే ఇంకా తక్కువ. అంటే వారానికి 48 గీతలున్న పేజీ ఒకటి పెట్టుకుని, అందులో 40 మాత్రం నింపి, మిగతా ఎనిమిదీ ఆల్ట్రేషన్లకీ, కుర్రాడు రాని రోజుకీ వదిలేయాలి. నలభై ఒకటో మనిషికి ‘వచ్చే వారమే అవుతుందమ్మా’ అని చెప్పాలి. చెప్పడం కష్టమే. ఆ మనిషి వెళ్లిపోవచ్చు కూడా. వెళ్లనివ్వండి. పక్క షాపులో ఆమెకు జరిగేది జరిగాక, ముందే నిజం చెప్పిన మాస్టర్ గుర్తొస్తాడు. పెళ్లినాటికి జాకెట్టు అందని మనిషి మాత్రం మళ్లీ ఆ వీధిలోకే రాదు.

బట్టల దుకాణాల వాళ్లు ఈ విషయంలో తెలివైనవాళ్లు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి ఆ నెలంతా డిస్కౌంటు పెట్టి చీరలు అమ్మేసుకుంటారు. ఆ చీరల జాకెట్లే శ్రావణంలో ఒక్కసారిగా టైలర్ మీద పడతాయి. ఆషాఢంలో ఖాళీ, శ్రావణంలో జాగారం. బట్టలవాడు తగ్గించి అమ్మగా లేనిది, ఆషాఢంలో ఇచ్చిన బట్టకి కుట్టుకూలి కాస్త తగ్గిస్తానని టైలర్ ఎందుకు చెప్పకూడదు? ఒక అట్టముక్క మీద రాసి వేలాడదీస్తే సరిపోతుంది. మూఢాల్లోనూ అంతే. ముహూర్తాలు లేని రోజులు పంచాంగంలో ముందే కనిపిస్తాయి.

తేదీ తర్వాత మనిషిని కట్టిపడేసేది, నన్నడిగితే, లోపలి కుట్టు. పనితెలిసిన మాస్టర్ ఇరువైపులా లోపల కాస్త బట్ట వదిలి కుడతాడు. పెళ్లి జాకెట్టు సీమంతానికి పట్టదు, కాన్పయ్యాక అసలే పట్టదు. లోపల బట్ట ఉంటే ఒక కుట్టు విప్పితే జాకెట్టు వదులవుతుంది. పైకి కనిపించని ఆ అంగుళం గుడ్డ విలువ ఏ రెండేళ్లకో తెలుస్తుంది. ఆ కుట్టు విప్పించుకోవడానికి ఆమె అదే షాపుకి వస్తుంది, వస్తూ ఇంకో రెండు కొత్త బట్టలు తెస్తుంది. ఆల్ట్రేషన్‌కి వచ్చిన మనిషిని చూసి మొహం చిట్లించే మాస్టర్లు ఈ సంగతి గమనించాలి. మిగిలిన ముక్క అడగకుండానే కవర్లో పెట్టి ఇవ్వడం కూడా అలాంటిదే. అసలు కంటే కొసరు ముద్దని ఊరికే అనలేదు.

దూరపు గిరాకీకైతే తేదీయే ప్రాణం. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న అమ్మాయి వాట్సాప్‌లో కొలతలు పంపుతుంది, వీడియో కాల్లో మెడ డిజైన్ ఎంచుకుంటుంది, వాళ్లమ్మ చీర తెచ్చి షాపులో ఇస్తుంది. కొరియర్ వెళ్లే రోజు దాటితే ఎంత మంచి మగ్గం వర్క్ అయినా వృథాయే. ‘సాయంత్రం రండక్కా’ అనడానికి అక్క అమెరికాలో ఉంది.

ప్రభుత్వాల వైపు నుంచి సాయం లేదనలేం. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఉంది. పనిముట్లకు 15,000 రూపాయల వరకు, ఆపై 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల దాకా అప్పు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన జగనన్న చేదోడు కింద దర్జీలకు ఏటా 10,000 రూపాయలు ఇచ్చారు. మంచిదే. ఇంకో మిషను వస్తుంది. రెండు మిషన్ల మీద తేదీ తప్పినవాడు మూడు మిషన్లొచ్చాక మరో 20 మందికి తేదీ తప్పకూడదు కదా, అదే నా బెంగ.

తప్పంతా మాస్టర్లదే అంటే అన్యాయం. పెళ్లి రేపనగా ఈ రోజు బట్ట తెచ్చి ‘మీరెలాగైనా చేయాలి’ అనేది మనమే. ఆయన చేస్తానంటే మనకు ముందుకు దూరిన సంతోషం, వెనక్కి పోయిన జాకెట్టు ఇంకొకరిది. కుట్టి సిద్ధంగా ఉన్నవి నెలల తరబడి తీసుకెళ్లకుండా వదిలేసేదీ మనమే. ఆ మూటల్లో ఉన్నది ఆయన లైనింగు, దారం, పనివాళ్లకు అప్పుడే ఇచ్చేసిన పీసు రేటు కూలి. సగం అడ్వాన్సు తీసుకోవడం మాస్టర్లు అలవాటు చేసుకోవాలి. డబ్బు చేతిలో పడ్డాక తేదీ మీద ఇద్దరికీ శ్రద్ధ వస్తుంది. అడ్వాన్సు అడిగితే చిన్నబుచ్చుకోవడం మనమూ మానాలి.

ఈసారి మీ టైలర్ ‘ఆ రోజుకి కాదమ్మా’ అంటే అలిగి పక్క షాపుకి పోకండి. ఎప్పటికి అవుతుందో రసీదు మీద రాయించుకుని, సగం డబ్బు ఇచ్చి రండి. పోయిన మాఘంలో ఇచ్చి తెచ్చుకోని జాకెట్లేమైనా అక్కడుంటే, వాటి డబ్బులు కూడా అప్పుడే కట్టేసి తెచ్చుకోండి.