వారానికో గ్రాఫ్ గీస్తేనే చెయ్యి తిరిగేది
హోసూరు, బళ్లారి, బరంపురం కాలేజీల్లో కంప్యూటర్ చదువులు చదివే తెలుగు పిల్లలకు కొదవలేదు. అంకెలను గ్రాఫులుగా చూపే 'డేటా విజువలైజేషన్' నేర్చేవారూ ఉన్నారు. అయితే సర్టిఫికెట్ చేతికొచ్చినంత మాత్రాన చెయ్యి తిరగదు. నీళ్లలో దిగితేనే కదా ఈత వచ్చేది!

అందుకే 2018లో మొదలైన 'టైడీ ట్యూస్‌డే' వంటి సవాళ్లు మేలు. వారానికో లెక్కల పట్టిక ఇస్తారు. ఎవరికి తోచినట్టు వాళ్లు గీసి నలుగురికీ చూపిస్తారు. ఫీజుల్లేవు, మార్కుల్లేవు. పక్కవారి గ్రాఫ్ చూస్తే మన తప్పు ఇట్టే దొరుకుతుంది.

మన లెక్కలతోనూ సాధన చేయొచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా గలవారు తమిళనాడులో సుమారు 42 లక్షలు, కర్ణాటకలో 36 లక్షలు, మహారాష్ట్రలో 13 లక్షలు. బార్ గ్రాఫ్‌ను సున్నా నుంచి కాక 30 లక్షల నుంచి మొదలెడితే తమిళనాడు బార్ కర్ణాటకకు రెట్టింపు కనిపిస్తుంది. మహారాష్ట్ర తెలుగువారు అసలు కనిపించరు!

తెలుగు బడి కోసం పెట్టే అర్జీకి ఇలాంటి గ్రాఫ్ జతచేస్తే నిజమైన లెక్కనూ ఎవరూ నమ్మరు. ఆ తప్పు అర్జీలో కాదు, సాధనలోనే బయటపడాలి.