ఫాంహౌస్ కట్టకు అలుగేదీ?

65వ నంబరు జాతీయ రహదారి వెంట చౌటుప్పల్ దాటి నార్కట్‌పల్లి దాకా భూములు చేతులు మారుతున్నాయి. కొన్నవాళ్లంతా సేద్యం చేసేవాళ్లు కాదు. కొందరు వాగుకు అడ్డంగా జేసీబీతో మట్టికట్ట పోసి, నీళ్లు నిలిపి, ఒడ్డున గెస్ట్‌హౌస్ కట్టుకుంటున్నారు. ఆదివారం చేపలు పట్టడానికి, పడవ తిప్పడానికి. మా పట్టాలో మేం కుంట కట్టుకుంటే మీకేమిటని అడుగుతారు. భూమి పట్టాదే. పై నుంచి వచ్చే నీళ్లు, కట్ట తెగితే కిందికి పోయే నీళ్లు ఆ పాస్‌బుక్‌లో లేవు.

చిన్న కట్టే కదా అనుకోవద్దు. 2005 అక్టోబర్ 29 తెల్లవారుజామున మన వలిగొండ దగ్గర చెరువు తెగి రైలు వంతెనను కోసేసింది. డెల్టా ప్యాసింజర్ వాగులో పడి వందమందికి పైగా చనిపోయారు. అది ఊరి చెరువు, పెద్ద డ్యాం కాదు.

విలాసం కోసం ఉంచుకున్న కట్ట ఏం చేయగలదో అమెరికాలో జాన్స్‌టౌన్ ఊరు చూసింది. ఎగువన ఉన్న మట్టి ఆనకట్టను ఉక్కు కోటీశ్వరుల చేపల వేట క్లబ్బు కొనుక్కుంది. గుర్రపు బండ్లు పోవడానికి కట్ట ఎత్తు తగ్గించారు. చేపలు పోకుండా అలుగుకు జాలీలు బిగించారు. నీళ్లు వదిలే తూము గొట్టాలను అంతకుముందే ఎవరో అమ్ముకుంటే తిరిగి పెట్టలేదు. 1889 మే 31న పెద్దవానకు కట్ట తెగి 2,200 మందికి పైగా చనిపోయారు. క్లబ్బు ఒక్క పైసా నష్టపరిహారం కట్టేలా ఏ కోర్టూ చేయలేదు.

ఇక్కడ మాత్రం అడిగేదెవరు? 2021 ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్లు, కొన్ని షరతులతో 10 మీటర్లు దాటినవాటికే. హైడ్రా ఔటర్ రింగ్ రోడ్డు దాటి రాదు. 2002 నాటి వాల్టా చట్టం ఉంది గాని కదిలించే అధికారి కావాలి.

కట్ట తెగకున్నా నష్టమే. మనవి గొలుసుకట్టు చెరువులు. పైచెరువు అలుగు పోస్తేనే కిందిచెరువు నిండుతుంది. 2015 నుంచి మిషన్ కాకతీయలో ప్రజల సొమ్ముతో పూడిక తీసిన చెరువుకు ఎగువన ఒక ఫాంహౌస్ కట్ట పడితే, కాలం సరిగా కాని ఏడు తొలివరద అక్కడే ఆగుతుంది. ఆయకట్టు ఎండుతుంది, బోర్లు ఇంకా లోతుకు పోతాయి. ఫ్లోరైడ్ నేలలో ఆ లోతు నీళ్ల సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఉపాధి హామీలో మన రైతులు తవ్వుకున్న ఫాం పాండ్లతో దీన్ని కలపొద్దు. అవి చేలో పడిన వాననీటిని పట్టే గుంతలు. మా అభ్యంతరం వాగుకు అడ్డం పోసిన కట్టల మీద.

వానాకాలం రాకముందే తహసీల్దారు, నీటిపారుదల ఏఈ కలిసి ప్రతి వాగు వెంట నడవాలి. అలుగు, తూము లేని కట్టను కోసి నీరు వదలాలి. తెగి ఇసుక మేట వేస్తే పరిహారం యజమానే కట్టాలి. గ్రామ కమిటీలు సర్వే నంబరు, కట్ట పొడవు, అలుగు ఉందో లేదో రాసి, ఫొటో జతచేసి సోమవారం ప్రజావాణిలో ఇవ్వండి. రసీదు తప్పక తీసుకుని ఒక ప్రతి మండల కమిటీకి పంపండి.