తుప్పు మీద రంగు

పాత కారుకు రంగు వేయించడం వేరు, దానిని బాగు చేయించడం వేరు. ఈ భేదాన్ని చెరిపివేసినవారు టింకరింగు మేస్త్రీలేనని లోకం అంటుంది. నా దృష్టిలో ఆ నేరంలో అధికభాగం కారు యజమానులదే.

మా తండ్రిగారి అంబాసిడరు బందరు ఉప్పుగాలిలో ఏళ్ల తరబడి నిలిచిన బండి. మా చెల్లెలి వివాహానికి ముందు తలుపుల క్రింది అంచులలో రంగు బొబ్బలెక్కింది. అడుగు రేకు కూడా చూడాలని మేస్త్రీ అన్నాడు. "పది రోజుల్లో పెళ్లి, పైకి కనబడకుండా చేయవయ్యా" అన్నది మేమే. అతడు తుప్పును పైపైన గీకి, లప్పం నింపి, నున్నగా రుద్ది, తెల్లరంగు కొట్టాడు. పెళ్లికి వచ్చినవారందరూ మెచ్చుకున్నారు. మరుసటి వానాకాలంలో మా అమ్మ లోపల కాలు మోపగానే చాప క్రింది రేకు క్రుంగి, ఆమె పాదం చీరుకుపోయింది. ఆ గాయం మానడానికి రెండు నెలలు పట్టింది.

ఇందులో వింత లేదు. ఇనుము ప్రాణవాయువుతోను, తేమతోను కలిసి తుప్పుగా మారినప్పుడు దాని ఘనపరిమాణం పెరుగుతుంది. అందుకే పైరంగు ఉబ్బుతుంది. ఉప్పు ఆ చర్యను త్వరపరుస్తుంది. లప్పం తేమను పీల్చుకుంటుంది కనుక దాని చాటున తుప్పు సుఖంగా సాగిపోతుంది. పైగా అంబాసిడరుకు లారీకి వలె విడిగా ఛాసిస్ లేదు. అడుగు రేకు, పక్క అంచులు కలిసి బరువును మోస్తాయి. అక్కడ లప్పం పెట్టడమంటే పుచ్చిన దూలానికి సున్నం కొట్టడమే.

తరువాత వేరొక షెడ్డులో ఒక వృద్ధ మేస్త్రీ సీట్లు తీయించి, సుత్తితో తట్టి చూస్తూ, ఖంగుమని మోగే మంచి రేకు తగిలేవరకు కత్తిరించుకుంటూ పోయాడు. కొత్త రేకు వెల్డింగు చేసి, రెడ్ ఆక్సైడు పూసి, తలుపుల అడుగున మట్టితో పూడిన నీటి రంధ్రాలను తీగతో పొడిచాడు. "ఇవి పూడకుండా చూసుకోండి సార్, నాతో పనుండదు" అన్నాడు. ఖర్చు మొదటిదానికి నాలుగింతలు. మా తండ్రిగారు సణిగారు. నిజం చెప్పాలంటే నేనూ సణిగాను.

అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయింది. అంతమాత్రాన ప్రతి బండినీ బ్రతికించాలని నేననను. ఉంచవలసిన రేకుకంటె కత్తిరించవలసిన రేకే ఎక్కువైతే తుక్కుకు అమ్మడమే మర్యాద. లప్పం నింపి మరొకరికి అంటగట్టడం మాత్రం మోసం. విద్యార్థి మిత్రులు రేపు పాత కారు కొనేటప్పుడు, అద్దంలా మెరిసే తలుపు అంచున ఒక చిన్న అయస్కాంతాన్ని ఆనించి చూడండి. లప్పం దట్టంగా ఉన్నచోట అది అంటదు. చాప ఎత్తి చూపమన్నప్పుడు అమ్మేవాడు ముఖం చిట్లిస్తే బేరం అక్కడితో ఆపండి.