ఇంటింటా రోజుకో అధ్యాయం
పొందూరు, చుట్టుపక్కల గ్రామాల క్రైస్తవ కుటుంబాలకు, సంఘ పెద్దలకు మనవి



మనలో బైబిలు లేని ఇల్లు వెతికినా దొరకదు. పెళ్లికి ఇచ్చింది ఒకటి, బాప్తిస్మం నాడు కొనుక్కున్నది ఒకటి, పిల్లలకు సండే స్కూల్లో బహుమతిగా వచ్చింది మరొకటి. ఆదివారం సంచిలో పెట్టుకుని చర్చికి వెళతాం. అయ్యగారు చెప్పిన వచనం తీస్తాం, చూస్తాం, మూస్తాం. మళ్లీ ఆదివారం దాకా అది బీరువా మీదే ఉంటుంది. మధ్యలో వాక్యం కావాలనిపిస్తే ఫోనులో ప్రసంగం పెట్టుకుంటాం. వినడం మంచిదే, ఎవరూ మానక్కర్లేదు. కానీ ఉపవాస కూడికలో గంటలకొద్దీ కూర్చోగలిగిన మనకు, ఇంట్లో పావుగంట సొంతంగా చదివే అలవాటు లేకపోవడం పెద్ద లోటు. ఆ లోటు తీర్చుకుందామని అడగడానికే ఈ కరపత్రం.

మేం కోరేవి రెండే. సోమవారం నుంచి శుక్రవారం దాకా ప్రతి ఇంట్లో రోజుకో అధ్యాయం చదవాలి. నెలకో ఆదివారం, ఆ నెల చదివినదాని మీద సంఘస్థులు ప్రశ్నలు అడగడానికి ఆరాధనలో అరగంట ఇవ్వాలి.

జనవరి ఒకటో తారీఖున మనం తీసుకునే వాగ్దాన కార్డులు గుర్తు తెచ్చుకోండి. పళ్లెంలోంచి కార్డు తీస్తాం, కళ్లకద్దుకుంటాం, ఏడాదంతా గోడకు అంటించి ఉంచుతాం. వాటిలో చాలామందికి వచ్చేది యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం. దేవుని ఆలోచనలు మన మేలుకేనని చెప్పే వచనం అది. మరి ఆ మాట ఎవరికి రాశారు, ఎప్పుడు రాశారు? పై వచనాలు చదివితే తెలుస్తుంది. అది ఉత్తరం. ఊరు పోయి, ఇల్లు పోయి, బబులోనుకు చెరగా వెళ్లిన జనానికి యెరూషలేము నుంచి యిర్మీయా పంపిన ఉత్తరం. అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చెయ్యండి, మీరున్న ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చెయ్యండి అంటాడు. తిరిగి రావడానికి డెబ్బై ఏళ్లు పడుతుందని 10వ వచనంలోనే ఉంది. అంతకు ముందటి అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని చెప్పి జనాన్ని సంతోషపెట్టాడు. అతను చెప్పింది అబద్ధమైంది. త్వరగా అయిపోతుందన్న ఆశ తప్పని చెప్పిన చోటే ఆ వాగ్దానం ఉంది.

మన శ్రీకాకుళం జిల్లాలో ఎన్ని ఇళ్ల నుంచి కొడుకులు హైదరాబాదుకో చెన్నైకో పనులకు వెళ్లి ఉన్నారో మీకు తెలుసు. ఆ ఉత్తరం మొత్తం వాళ్లకు చదివి వినిపిస్తే ఎంత ధైర్యం! ఒక్క వచనం కార్డు మీద చూసుకుంటే ఆ ధైర్యంలో పదో వంతు కూడా అందదు. పైగా ఈ ఏడే అన్నీ చక్కబడతాయనుకుని, చక్కబడకపోతే విశ్వాసమే సడలిపోతుంది. అలా సడలినవాళ్లు మన సంఘాల్లో లేరా?

మార్కు సువార్త 8వ అధ్యాయంలో ఇంకొకటి చూడండి. బేత్సయిదాలో యేసు ఒక గుడ్డివాణ్ణి ముట్టుకుంటాడు. మొదట అతనికి మనుషులు చెట్లలా నడుస్తూ కనిపిస్తారు. రెండోసారి చెయ్యి వేశాకే చూపు తేటపడుతుంది. ఒక్కమాటతో తుఫాను ఆపినవాడు ఇక్కడ రెండుసార్లు ఎందుకు ముట్టుకున్నాడు? కథ ఒక్కటే వింటే జవాబు దొరకదు. తర్వాతి వచనాలు అదే పూట చదవండి. పేతురు ఆయన్ని క్రీస్తు అని ఒప్పుకుంటాడు, ఆ వెంటనే సిలువ మాట వినలేక ఆయన్నే గద్దించబోతాడు. పేతురుకూ సగం చూపే వచ్చింది. ఈ రెంటినీ మార్కు పక్కపక్కన పెట్టాడు. వరసగా చదివినవాళ్లకు అది దానంతటదే కనిపిస్తుంది.

ఈ పుస్తకం మన భాషలోకి రావడానికి పడిన కష్టం కూడా మరవకూడదు. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తల అనువాదం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డిగ్రాంజెస్ 1810లో చనిపోయారు. వాళ్లు చేసిన మూడు సువార్తలు శ్రీరాంపూరులో అచ్చయ్యేసరికి 1812 వచ్చింది. చేసినవాళ్లిద్దరూ అచ్చు చూడలేదు. ఎడ్వర్డ్ ప్రిచెట్ అనే మరో మిషనరీ ఆ పని కొనసాగించాక 1818లో మద్రాసులో కొత్త నిబంధన వెలువడింది. ఇదంతా మనకు దూరం కాని విశాఖలో మొదలైన పని. కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి గారికి శ్రీకాకుళంలో దొరికింది ఒక చిన్న తెలుగు కరపత్రం. దాన్ని చదివి, ఆలోచించి, వాదించుకుని, 1833లో కటకంలో బాప్తిస్మం పొందారు. ఆయన కీర్తనలు పాడుతూ మనం కన్నీళ్లు పెట్టుకుంటాం. ఆయనలా చదవడం మాత్రం నేర్చుకోలేదు.

ఇక ఎలా చదవాలన్నది. చాలామంది కొత్త సంవత్సరంలో ఆదికాండంతో మొదలుపెట్టి, నిర్గమకాండంలో గుడారపు కొలతల దగ్గర నెమ్మదించి, లేవీయకాండంలో ఆగిపోతారు. అందుకే మార్కుతో మొదలుపెట్టమంటున్నాం. 16 అధ్యాయాలే, నాలుగో వారం తిరక్కుండా అయిపోతాయి. కొత్త నిబంధన మొత్తం 260 అధ్యాయాలు. వారానికి అయిదు చొప్పున 52 వారాలకు సరిగ్గా సరిపోతుంది. శనివారం తప్పిపోయిన రోజుది చదువుకోవచ్చు. ఆదివారం ఎలాగూ సంఘంతో ఉంటాం.

సమయం కొత్తగా వెతకొద్దు. ఇప్పటికే రోజూ చేసే ఏదో ఒక పనికి దాన్ని జత చెయ్యండి. పొద్దున్న టీ తాగాక, మగ్గం ఎక్కేముందు, రాత్రి కుటుంబ ప్రార్థనకు కూర్చున్నప్పుడు, విశాఖ వెళ్లే రైలెక్కి సీటు దొరికాక. ఇంట్లో అయితే బైబిలు ఎప్పుడూ ఒకేచోట ఉండాలి, పక్కన పెన్సిలు, రూళ్ల పుస్తకం ఉండాలి. ఫోను ఆ పావుగంట ఇంకో గదిలో ఉండనివ్వండి. చదివాక మూడు ముక్కలు రాయండి: ఇందులో దేవుని గురించి ఏం తెలిసింది, నన్ను ఏం చెయ్యమంటోంది, నాకు ఏది అర్థం కాలేదు. మూడోది సిగ్గుపడకుండా రాయాలి. పాత అనువాదం కష్టమనిపిస్తే వాడుక తెలుగులో వచ్చినవి ఉన్నాయి, అవి తెచ్చుకోండి.

మన ఊరివాళ్లకు ఓపిక నేర్పక్కర్లేదు. కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, ఆ తర్వాతే రాట్నం ముందు పెట్టే ఊరు మనది. నూరో నంబరు నూలు ఎవరూ తొందరపడి తియ్యలేరు. అధ్యాయం కూడా అలాగే ఓపిగ్గా చదవాలి.

చదువు రానివాళ్ల సంగతేమిటని అడుగుతారు. మామ్మ దగ్గర మనవణ్ణి కూర్చోబెట్టండి. వాడు పైకి చదవాలి, ఆవిడ వినాలి. "ఏటి రాసుందిరా అందులో, మల్లీ సదువు" అని ఆవిడ అడిగే ప్రశ్న చాలాసార్లు పండితుల ప్రశ్న కన్నా లోతుగా ఉంటుంది. పిల్లవాడికి తెలుగు చదవడం కూడా పట్టుబడుతుంది.

ఎవరికి వాళ్లు చదివితే తప్పుడు అర్థాలు తీస్తారన్న భయం పెద్దల్లో ఉంది. భయంలో నిజం లేకపోలేదు. ఐతియొపీయుడైన అధికారి రథంలో యెషయా చదువుతూ, ఎవరైనా చెప్పకపోతే ఎలా అర్థమవుతుందని ఫిలిప్పును అడిగాడు. ఫిలిప్పు అతని చేతిలోంచి గ్రంథం లాక్కోలేదు, రథమెక్కి పక్కన కూర్చున్నాడు. నెలకో ఆదివారం ప్రశ్నలకు అరగంట ఇవ్వమన్న మా రెండో కోరిక అందుకే. పౌలు బోధనే బెరయవాళ్లు రోజూ లేఖనాలు తీసి సరిచూసుకుంటే, అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం వాళ్లను మెచ్చుకుంది. కాబట్టి అయ్యగార్లారా, సంఘం ప్రశ్న అడిగితే దాన్ని ఎదిరింపుగా తీసుకోకండి. జవాబు వెంటనే తోచకపోతే వచ్చే నెల చెబుతామనండి. మీ మీద గౌరవం పెరుగుతుందే తప్ప తగ్గదు.

వచ్చే సోమవారం మార్కు 1వ అధ్యాయం, 45 వచనాలు. మీ ఇంట్లో ఎవరు పైకి చదువుతారో ఈ ఆదివారం రాత్రే అనుకోండి. మీ పక్కింటి సహోదరికి కూడా చెప్పండి.

ప్రభువు సేవలో,
పొందూరు నుంచి మీ సహోదరులు