పాక నిట్రాడికి విషవాయువు ఎందుకు?

విజయవాడ నుంచి అవనిగడ్డ వైపు పల్లెల్లో తాటి నిట్రాళ్ల మీద నిలిచిన పశువుల పాకలు మీరు చూసే వుంటారు. నిట్రాడు నేలను తాకే చోట మేకుతో గుచ్చి చూడండి. కుళ్లు పట్టిన దానిలో మేకు సులువుగా దిగిపోతుంది. ‘అమెరికాలో కరెంటు స్తంభాలు కుళ్లకుండా లోపల మందు పెడతారట, మనమూ పెట్టకూడదా?’ అని ఒక విద్యార్థి అడిగాడు.

మన డెల్టాలో తీగల్ని మోసేవి ఎక్కువగా సిమెంటు స్తంభాలు. అమెరికాలో ఇప్పటికీ కర్రవే ఎక్కువ. పైన పట్టించిన మందు వాటి నడిమి భాగం దాకా ఇంకదు. ఎండకు పగుళ్లు విచ్చితే నీరూ, శిలీంధ్ర బీజాలూ లోపలికి చేరతాయి. అందుకని నేలమట్టం దగ్గర ఏటవాలుగా రంధ్రాలు తొలిచి, మందు పెట్టి, బిరడా బిగిస్తారు. అది మెల్లగా వాయువై కర్రంతా పాకి శిలీంధ్రాన్ని చంపుతుంది. ఒరెగాన్ రాష్ట్రంలో 1969లో మొదలైన పరీక్షల్లో వాడిన క్లోరోపిక్రిన్, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన విషవాయువే!

ఇంత శ్రమకు కారణం ఒక లెక్క. గుండ్రని స్తంభం వ్యాసంలో సగం మేర లోపల బోలు అయినా, వంగకుండా నిలిచే బలంలో పోయేది 16వ వంతే. ముప్పాతిక మేర బోలు అయితే దాదాపు మూడో వంతు పోతుంది. పదింట తొమ్మిది వంతులైతే మూడింట రెండు వంతులు పోయినట్లే! కుళ్లును మొదట్లోనే ఆపితే స్తంభం దక్కుతుంది, దానినెక్కే లైన్‌మన్ ప్రాణమూ దక్కుతుంది.

పాకకు మాత్రం వద్దంటాను. తాటిమాను బలమంతా వెలుపలి నల్లని చేవలో వుంది, లోపలిది మెత్తన. ఆ మెత్తనంతా తొలిచే కదా కొల్లేటివారు దోనెలు చేసుకున్నది! దానిని కాపాడటానికి విషమా? పైగా పాకలో గొడ్లుంటాయి, తాతయ్య మంచం వుంటుంది. ధాన్యానికి వాడే పురుగుమాత్రలు తెచ్చి రంధ్రాల్లో వేయటం మరీ ప్రమాదం. తేమ తగిలితే వాటి నుంచి ఫాస్ఫీన్ వస్తుంది. అది మనిషిని చంపుతుంది.

తేమ నూటికి 20 పాళ్లకు మించని కర్ర కుళ్లదు. మన పాత మండువా ఇళ్ల స్తంభాలు రాతి దిమ్మల మీద నిలబడి వుంటాయి, నేల చెమ్మ వాటికి ఎక్కదు. పాతిన నిట్రాడికి ఆ వీలు లేదు. దాని మొదట్లో నీరు నిలవకుండా మట్టి ఎత్తు చేయండి, పేడకుప్పను దూరంగా వేయండి. పాక మళ్లీ నేయించేటప్పుడు ఒక్కొక్క నిట్రాడినీ మేకుతో గుచ్చి చూడమని నాన్నగారికి చెప్పండి.