యంత్రానికి అనుమతి సరే, పట్టే చేతికి పరీక్ష ఏది?

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని తెలుగు కుటుంబాలకు యంత్రం సంగతి ఒకరు చెప్పవలసిన పనిలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి తరలివెళ్లి, అక్కడి వర్క్‌షాపులో తరతరాలుగా చెమటోడ్చిన వారి సంతతి అది. యంత్రానికి ఫిట్‌నెస్ పత్రం, నడిపేవాడికి అర్హత పత్రం రెండూ ఉండాలన్నది రైల్వే వారికి నేర్పిన తొలి పాఠం. కంటిచూపు పరీక్ష నెగ్గనిదే ఎవరినీ ఇంజను ఎక్కనివ్వరు. ముఖానికి కవచం లేనిదే వెల్డింగు పనికి పంపరు. అటువంటి ఇంటి ఆడపిల్ల పెళ్లికి ముందు అవాంఛిత రోమాలు పోగొట్టుకోవడానికి లేజరు కుర్చీలో కూర్చున్నప్పుడు మాత్రం ఆ పత్రాలు అడిగే అలవాటు లేదు. ఇది ఖరగ్‌పూర్‌కే పరిమితమైన లోపం కాదు. విజయవాడలోనైనా, వరంగల్‌లోనైనా పరిస్థితి ఇంతే.

ఒకప్పుడు సినీతారలకే అందిన ఈ చికిత్స నేడు చిన్న పట్టణాల బ్యూటీ పార్లర్ల దాకా వచ్చింది. 1960లో మైమన్ తొలి లేజరును వెలిగించగా, 1983లో ఆండర్సన్, పారిష్ అనే అమెరికా వైద్యులు దీనికి శాస్త్రీయ పునాది వేశారు. సరైన తరంగదైర్ఘ్యం గల కాంతిని క్షణంలో అల్పభాగం పాటు ప్రసరింపజేస్తే, చుట్టూ ఉన్న చర్మానికి హాని లేకుండా ఎంచుకున్న కణాలను మాత్రమే వేడితో నాశనం చేయవచ్చునన్నది వారి సిద్ధాంతం. రోమాల తొలగింపుకు తొలి లేజరును అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1995లో అనుమతించింది. ఆ సంస్థ తయారీదారులను చెప్పుకోనిచ్చేది సైతం ‘శాశ్వత తగ్గుదల’ అనే కాని, ‘శాశ్వత నిర్మూలన’ అని కాదు. మన గోడల మీది ప్రకటనలకు ఈ తేడా పట్టదు.

అసలు చిక్కు చర్మపు రంగులో ఉంది. ఈ కాంతి వెదికేది మెలనిన్ అనే నల్లని వర్ణద్రవ్యాన్ని. తెల్లని చర్మంలో అది ప్రధానంగా వెంట్రుకలోనే ఉంటుంది. చామనఛాయ చర్మంలో వెంట్రుకతో పాటు పైపొరలోనూ దండిగా ఉంటుంది. కనుక కుదుళ్లకు చేరవలసిన వేడిని చర్మమే పీల్చుకుంటుంది. ఫలితం బొబ్బలు, నల్లమచ్చలు, ఒక్కోసారి మాయని తెల్లమచ్చలు. లోతుకు చొచ్చుకుపోయే 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజరు ముదురు చర్మానికి మిగతావాటి కంటే సురక్షితం. అనేక తరంగదైర్ఘ్యాలను కలిపి వెదజల్లే ఐపీఎల్ కాంతి యంత్రాలతో ప్రమాదం ఎక్కువ. ఎండకు కమిలిన చర్మం మీదైతే అది మరింత పెరుగుతుంది. ఏ చర్మానికి ఏ యంత్రం, ఎంత శక్తి అన్నది నిర్ణయించడమే ఇక్కడ వైద్యం. మీట నొక్కడం కాదు.

దీనిని ఆడవారి సోకుగా కొట్టిపారేయడం తగదు. గడ్డం మీద దట్టంగా రోమాలు పెరగడం చాలామందిలో పీసీఓఎస్ వంటి హార్మోను సమస్యకు గుర్తు. మూలకారణం తెలుసుకోకుండా ఎన్ని సిట్టింగులు చేసినా రోమాలు మళ్లీ మొలుస్తూనే ఉంటాయి; డబ్బు కరుగుతుంది, రోగం మిగులుతుంది.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2017 నాటి వైద్య పరికరాల నియమావళి పరిధిని 2020లో అన్ని పరికరాలకూ విస్తరించారు. జుట్టు మార్పిడి, సౌందర్య శస్త్రచికిత్సలను శిక్షణ పొందిన వైద్యులే చేయాలని జాతీయ వైద్య కమిషన్ 2022లో సూచించింది. అయితే నియమావళి ప్రధానంగా చూసేది పరికరాల తయారీ, దిగుమతి, అమ్మకాలనే. వీధి చివరి ఎక్స్‌రే యంత్రానికి సైతం అణుశక్తి నియంత్రణ బోర్డు లైసెన్సు కావాలి. చర్మాన్ని కాల్చగల లేజరును నడిపేవారికి మాత్రం దేశవ్యాప్తంగా ప్రత్యేక లైసెన్సు విధానమే లేదు.

నష్టపోయినవారి గతి మరీ అన్యాయం. ఆరోగ్య బీమా పాలసీలు సాధారణంగా సౌందర్య చికిత్సలను మినహాయిస్తాయి. వైద్యసేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని సుప్రీంకోర్టు 1995లో వి.పి.శాంత కేసులో తేల్చిచెప్పింది. పార్లర్ సేవలకూ ఆ చట్టం వర్తిస్తుంది. కాని రసీదు, అంగీకార పత్రం, వాడిన యంత్రం వివరాలు చేతిలో లేనివారు ఏ ఆధారంతో కమిషన్ గడప ఎక్కగలరు?

కఠిన నిబంధనలు పెడితే పార్లర్లు నడిపి పొట్టపోసుకునే వేలాది మహిళల నోటి దగ్గర కూడు తీసినట్లవుతుందన్న వాదన ఉంది. అది తోసిపుచ్చదగినది కాదు. అయితే దారప్పోగుతో కనుబొమలు దిద్దడానికీ, లేజరు ప్రయోగించడానికీ పోలిక లేదు. మొదటిదానికి నైపుణ్యం చాలు. రెండవదానికి శిక్షణ, వైద్యుని పర్యవేక్షణ కావాలి. ప్రభుత్వాలే గుర్తింపు పొందిన కోర్సులు పెట్టి, నెగ్గినవారికి పత్రాలిస్తే వారి ఉపాధికీ గౌరవం దక్కుతుంది.

చేయవలసినవి అసాధ్యాలేమీ కావు. యంత్రం పేరు, నడిపేవారి అర్హత, బాధ్యుడైన వైద్యుని నమోదు సంఖ్య గోడమీద కనిపించాలి. చర్మంపై చిన్నచోట ముందుగా పరీక్షించడం, కళ్లకు రక్షణ తప్పనిసరి కావాలి. ‘శాశ్వతం’ అనే ప్రకటనలను నిషేధించాలి. గూడ్సు బండి కదలడానికి ఇన్ని సంతకాలు కోరే దేశం, ఆడపిల్ల ముఖం మీద కాంతిని ప్రయోగించడానికి కనీసం ఒక్క సంతకం కోరాలి.