ఏడాది కోసం చేస్తే పదేళ్లు నడిచింది

ఫోన్ రెండేళ్లకే నీరసపడితే 'అంతేలే' అని సర్దుకుపోతాం. కెనడా వాళ్ల అలూయెట్-1 ఉపగ్రహం కథ వినండి.

నేల మీద నుంచి అయనోస్ఫియర్‌కి పంపిన రేడియో సిగ్నల్ మధ్యలోంచే తిరిగొస్తుంది, లేదంటే దాటి వెళ్లిపోతుంది. పైసగం అసలు కనపడదు. అందుకే 1962 సెప్టెంబర్ 29న దీన్ని దాదాపు 1000 కి.మీ. ఎత్తుకు పంపి, పై నుంచి కిందికి సిగ్నల్స్ కొట్టించారు. టార్గెట్ ఒక్క ఏడాది. నడిచింది పదేళ్లు! 1972లో వాళ్లే ఆఫ్ చేశారు, అది చెడిపోలేదు.

అక్కడికెళ్లి రిపేర్ చేసే ఛాన్స్ లేదు కాబట్టి, ట్రాన్సిస్టర్లు బలహీనపడినా నడిచేలా సర్క్యూట్లు డిజైన్ చేశారు. మన ఫోన్ జేబులోనే ఉంటుంది, బ్యాటరీని మాత్రం జిగురుతో అతికించేస్తారు! కెమెరాకి మార్కులేసే రివ్యూల్లో బ్యాటరీ మార్చడం ఎంత తేలికో దానికీ మార్కులుండాలి, మా రివ్యూలతో సహా.